హూ అంటే ఎవరు? చైనా ఎర్హూ చరిత్ర, నా కొబ్బరి చిప్ప కథ

పోస్టు పెద్దగుంటది. మెస్సుకు పోయొచ్చినంక నిమ్మళంగ చదువుకోండి. మన గ్రూపుల ఎప్పుడూ జోడేఘాట్ గురించి, పోడు పట్టాల గురించి, నోటిఫికేషన్ల గురించి రాసుకుంటం. నేను ఈసారి చైనా వాయిద్యం ఒకదాని చరిత్ర రాస్తున్న. "వీనికేమైంది" అనుకోకండి. దీంట్ల మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. అది నాకు కూడా నాలుగు నెలలు ఆ వాయిద్యం వెంట పడ్డంకనే అర్థమైంది.

పోయిన సెమిస్టర్ పరీక్షల టైంల ఒక రాత్రి నిద్ర రాక ఫోన్ చూస్తున్న. ఒక ముసలాయన చిన్న స్టూలు మీద కూసున్నడు. ఎడమ తొడ మీద చిన్న డబ్బా, దానికి నిలువుగ సన్నని కర్ర, రెండే తీగలు. కమాను లాగంగనే నాకు ఒళ్లు జల్లుమంది. మా ఊరికి వచ్చే పర్ధాన్ తాత కిక్రి మోత లెక్కనే ఉంది. ఇయర్‌ఫోన్స్ తీసి మళ్ల పెట్టుకున్న. అదే ఏడుపు, అదే జీర. కింద పేరు చూస్తే ఎర్హూ అని ఉంది. చైనా వాళ్ల జాతీయ వాయిద్యం లాంటిదట. వేరే దేశాల వాళ్లు దాన్ని చైనా వయొలిన్ అంటరు.

మన కిక్రి చూసినోళ్లకు తేడా చెప్తే తొందరగ అర్థమైతది. కిక్రికి కమాను తీగల మీద నుంచి ఆడుతది. ఎర్హూకి కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్యలో ఉంటయి. కమాను వాయిద్యం నుంచి విడిపోదు, దానికే చిక్కుకుని ఉంటది. వెంట్రుకలను బయటికి నెడితే బయటి తీగ పలుకుతది, వేలితో ఒంటివైపు లాగితే లోపలి తీగ పలుకుతది. ఇంకొక వింత ఏందంటే, తీగల వెనుక ఆనించడానికి చెక్క లేదు. వయొలిన్‌కైనా వీణకైనా వేలు తీగను నొక్కితే కింద ఏదో ఒకటి తగులుతది. ఎర్హూలో వేలు గాలిలోనే తీగను పట్టాలి. అందుకే ఆ స్వరం మనిషి గొంతులెక్క జారుతది, వణుకుతది. నేర్చుకునేటోనికి నరకం కూడా అందుకే.

ఇక పేరు. చైనా భాషలో "ఎర్" అంటే రెండు. "హూ" అనేది "హూచిన్" అనే మాటకు పొట్టి రూపం. "చిన్" అంటే తీగల వాయిద్యం. మరి "హూ" అంటే? నేను మొదట ఏదో చెట్టు పేరో ఊరి పేరో అనుకున్న. కాదు. పాత కాలంల చైనా వాళ్లు తమ ఉత్తరాన, పడమరన గడ్డిమైదానాలలో, ఎడారులలో ఉండే తెగలను హూ అనేటోళ్లు. గుర్రాలు తోలుకుంటూ గుడారాలు మార్చుకుంటూ బతికే జనం. ఆ మాటలో "మనోళ్లు కానోళ్లు", "నాగరికం తెలియనోళ్లు" అనే చిన్నచూపు కలిసి ఉంది. అంటే హూచిన్ అంటే అనాగరికుల తీగ వాయిద్యం. ఎర్హూ అంటే అనాగరికుల రెండు తీగలు.

మనం సీమచింతకాయ, సీమ వంకాయ అన్నట్టు, వాళ్లు బయటి నుంచి వచ్చిన వాటికి ముందు "హూ" తగిలించేటోళ్లు. అక్రోటు హూతావ్, క్యారెట్ హూలువోబో, మిరియాలు హూజ్యావ్. మిరియాలు మన దక్షిణ దేశం పంటే కదా, మనం కూడా ఆ లెక్కల హూ జనమే అయ్యుంటం! కాకపోతే మన "సీమ"లో తిట్టు లేదు, వాళ్ల "హూ"లో ఉంది.

ఈ తెగలలో ఒక తెగ పేరు షీ. ఇప్పటి ఇన్నర్ మంగోలియా, హెబెయ్, లియావ్‌నింగ్ ప్రాంతాలు కలిసే చోట ఉండేవాళ్లు. ఖితాన్ అనే ఇంకొక తెగకు దగ్గరివాళ్లు. బండ్లు చేయడంలో షీ వాళ్లకు మంచి పేరు. సొంగ్ రాజ్యం కాలంలో, 1101 ప్రాంతంలో, చెన్ యాంగ్ అనే పండితుడు సంగీతం మీద చాలా పెద్ద గ్రంథం తయారు చేసి చక్రవర్తికి సమర్పించాడు. అందులో షీచిన్ అనే వాయిద్యం ఉంది. అది మొదట హూ వాళ్ల సంగీతమనీ, షీ తెగ ఇష్టపడేదనీ, రెండు తీగల మధ్య వెదురు పుల్ల పెట్టి రాపాడిస్తారనీ, జనం ఇప్పటికీ వాడుతున్నారనీ రాశాడు. రెండు తీగల మధ్య పుల్ల! ఈనాటి ఎర్హూలో కమాను తీగల మధ్య ఎందుకుందో అక్కడ దొరికింది నాకు. 900 ఏళ్లు దాటినా ఆ ఒక్క అలవాటు పోలేదు.

వెదురు పుల్ల పోయి గుర్రపు వెంట్రుకలు కూడా ఆ కాలానికే వచ్చాయి. షెన్ కువో అని ఒక మహా పండితుడు ఉండేవాడు. దిక్సూచి సూది గురించి, నక్షత్రాల గురించి, రాళ్ల గురించి అన్నీ రాశాడు. 1080 తర్వాత కొంతకాలం సరిహద్దు సైన్యానికి అధికారిగా ఉన్నాడు. అప్పుడు సైనికులు పాడుకోవడానికి ఆయన కట్టిన పాటల్లో ఒకచోట గుర్రపు తోక హూచిన్ వస్తుంది. అంటే ఎవరి మీద యుద్ధానికి పోయారో ఆ సరిహద్దు జనం వాయిద్యాన్నే సైన్యం బండ్ల వెంట తెచ్చుకున్నారు. నాకు ఇది చదివినప్పుడు నవ్వు, కోపం రెండూ వచ్చినయ్. మనుషులను అనాగరికులు అంటరు, వాళ్ల పాట మాత్రం కావాలె.

షెన్ కువో రాసిన ఇంకొక ముచ్చట నాకు బాగా నచ్చింది. 1068 నుంచి 1077 మధ్యలో ఎప్పుడో రాజభవనంలో విందు జరుగుతోంది. షూ యెన్ అనే ఆస్థాన కళాకారుడు షీచిన్ వాయిస్తున్నాడు. సరిగ్గా రాజు ముందు మద్యం పెట్టే సమయానికి ఒక తీగ పుటుక్కున తెగింది. వాయిద్యం మార్చుకుంటానని లేవలేదు ఆయన. మిగిలిన ఒక్క తీగ మీదనే పాట చివరిదాకా వాయించేశాడు. అప్పటి నుంచి ఒంటి తీగ మీద వాయించడం అనే పద్ధతే ఒకటి పుట్టిందని రాశాడు. ఈ షూ యెన్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్ల వస్తడు.

వాయిద్యం రాజుగారి విందు దాకా పోయింది సరే, మరి షీ వాళ్లు? 10వ శతాబ్దం మొదట్లోనే ఖితాన్ నాయకుడు ఆబావ్‌జీ వాళ్లను లొంగదీసుకున్నాడు. తర్వాత రాజ్యాలు మారుతూ పోయాయి, షీ జనం వేరే జనాలలో కలిసిపోయారు. ఈరోజు చైనా ప్రభుత్వం గుర్తించిన 56 జాతుల జాబితాలో ఆ పేరు లేదు. వాళ్ల భాష లేదు. వాళ్లు తమను తాము ఏమని పిలుచుకున్నారో కూడా మనం చైనా అక్షరాలలో నుంచే వినాలి. "షీ" అని రాసే ఆ అక్షరానికి పాత పుస్తకాల్లో సేవకుడు, బానిస అనే అర్థం కూడా ఉంది. మనల్ని మనం కోయ్‌తూర్ అనుకుంటం, గోండు అనేది బయటోళ్లు పెట్టిన పేరు. కాబట్టి నాకు ఈ సంగతి వేరేవాళ్ల చరిత్రలాగ అనిపించలేదు.

ఒక విచిత్రం ఏంటంటే, షీ పేరు చైనాలో పోయింది గానీ కొరియాలో ఉంది. కొరియా వాళ్లకు హేగుమ్ అనే రెండు తీగల వాయిద్యం ఉంది. దాని పేరు రాసే చైనా అక్షరాలు షీచిన్‌వే. అవే అక్షరాలను కొరియా వాళ్లు హేగుమ్ అని చదువుతారు. సొంత గడ్డ మీద మాయమైన తెగ పేరు సముద్రం పక్క ఇంకో దేశంలో రోజూ పిల్లల నోట్లో నానుతోంది. ఆ పిల్లలకు అది ఒక తెగ పేరని తెలుసో లేదో.

తర్వాత మంగోలులు వచ్చారు, చైనా మొత్తం ఏలారు. వాళ్ల కాలం చరిత్ర 1370లో రాసినప్పుడు అందులో హూచిన్ ఎట్లుంటదో వివరంగా పెట్టారు: వంగిన మెడ, చివర డ్రాగన్ తల, రెండు తీగలు, గుర్రపు తోక వెంట్రుకల కమాను. అక్కడి నుంచి ఒక 500 ఏళ్లు నేను గబగబా దాటేస్త. ఆ కాలమంతా ఈ వాయిద్యం నాటకాల వెనుక, టీ దుకాణాలలో, పెళ్లిళ్లు చావుల దగ్గర, గుళ్లలో, అడుక్కునే గుడ్డివాళ్ల చేతిలో బతికింది. ఊరికొక రూపం పుట్టింది. పెకింగ్ నాటకానికి వెదురుతో చేసిన జింగ్‌హూ. దక్షిణాన కొబ్బరి చిప్పతో చేసిన యేహూ. పెద్ద చదువు చదివిన వాళ్లకు మాత్రం గూచిన్ ఉండేది. ఏడు తీగలది, వేళ్లతో మీటేది, పండితుల వాయిద్యం. హూచిన్ పట్టుకున్నోడు వాళ్ల లెక్కలో అడుక్కునేటోడే.

కొబ్బరి చిప్ప అని చదవంగనే నేను లేచి కూసున్న. అసలు ఎర్హూ కొందామంటే పైసలు లేవు. చేద్దామంటే దాని డబ్బాకు కొండచిలువ తోలు వేస్తరు. ఇది ముందే గట్టిగ చెప్తున్న, మన దగ్గర కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌ల ఉంది. ఎవరూ ఆ తోలు జోలికి పోవద్దు, దొరికిందని కూడా తేవద్దు. అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా కట్టడి ఉంది. 2005 నుంచి చైనాలో ఎర్హూకి సర్టిఫికెట్ ఉండాలె, ఆ తోలు అడవి పాముది కాదు, పెంపకం పాముది అని. హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా వాళ్లయితే పాము తోలే వద్దని పాలిస్టర్ పొరతో హూచిన్‌లు చేయించుకున్నరు. యేహూకు ఈ బాధ లేదు. కొబ్బరి చిప్ప, ముందు పల్చటి చెక్క, అంతే.

నేను చేసింది యేహూ చిప్ప, జింగ్‌హూ వెదురు కలిపిన ఏదో ఒకటి. గుడి దగ్గర కొట్టు ఆయన పెద్ద ముదురు టెంకాయ ఏరి ఇచ్చిండు. మూడో వంతు అడ్డంగ కోసి, లోపల కొబ్బరి తీసి, పీచు గీకి, గాజుపెంకుతో నున్నగ చేసిన. దీనికే రెండు ఆదివారాలు పట్టింది, బొటనవేలు కూడా తెగింది. ముందు పక్కకు పండ్ల పెట్టె చెక్క కోసి అతికించిన. మోగలే. గోడను గోకినట్టు ఉంది. చెక్క మందం ఎక్కువైంది. సాండ్ పేపర్ పెట్టి రుద్ది రుద్ది, వెలుతురుకు పట్టుకుంటే సన్నగ కనపడేదాకా పల్చగ చేసినంక అప్పుడు పలికింది.

కర్రకు పచ్చి వెదురు తెచ్చుడు నా తప్పు. పది దినాలల తీగల లాగుడుకు విల్లు లెక్క వంగింది. మా నాయన ఫోన్లనే తిట్టిండు, "వెదురు కొట్టిన నాడే వాడుతర్రా ఎవడన్న" అని. ఆయన బడికి పోలేదు గానీ ఏ వెదురు ఏ నెలల కొట్టాలె, ఎన్ని దినాలు నీడకు పెట్టాలె అన్నీ తెలుసు. ఎండిన కర్ర ఊరి నుంచి బస్సుల పంపిండు. బిరడాలు మొదట్ల జారిపోయేటివి. సుద్దముక్క పొడి రాస్తే పట్టు వచ్చింది. తీగలకు గిటార్ తీగలు రెండు కొన్న.

తీగలను కర్రకు దగ్గరగ పట్టి ఉంచడానికి ఒక దారం చుట్టు వేస్తరు. దాని పేరు చియెన్‌జిన్, అంటే వెయ్యి జిన్‌ల బరువు. జిన్ అంటే ఇప్పటి లెక్కల అర కిలో. వేలెడంత దారానికి అంత పేరు ఎందుకా అనుకున్న. దాన్ని ఒక గోరంత పైకి జరిపితే శ్రుతి మొత్తం మారిపాయె, అప్పుడు అర్థమైంది. ఇంకొక మాట. తీగలు చెక్క మీద ఆనే చిన్న ముక్కను మన వీణ చేసేవాళ్లు గుర్రం అంటరు. చైనా వాళ్లు కూడా దాన్ని "చిన్‌మా" అంటరు, వాయిద్యం గుర్రం అని. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోకుండనే ఇద్దరికీ అది గుర్రం లెక్కనే కనపడ్డది.

కమాను కథ వేరే. మొదట గాలపు దారం కట్టిన. అటు ఇటు ఊపితే గాలి తప్ప ఏం లేదు. ఎందుకు మోగలేదో తర్వాత తెలుసుకున్న. కమాను తీగను కొట్టదు, మీటదు. వెంట్రుక తీగను పట్టి లాగుతది, ఒక హద్దు దాటంగనే తీగ విడిపించుకుని వెనక్కి పోతది, మళ్ల పట్టుకుంటది. ఎర్హూ బయటి తీగ సరైన శ్రుతిలో ఉంటే ఈ పట్టుడు విడుసుడు సెకనుకు 440 సార్లు. లోపలి తీగకు సుమారు 293. పట్టు కావాలంటే గుర్రపు వెంట్రుక ఉండాలె, దానికి దేవదారు జాతి చెట్ల బంక గట్టిపడ్డది రాయాలె. వెంట్రుకలు ఎక్కడివి? పెళ్లి బారాతులకు గుర్రం తెచ్చే అన్నను పోయి అడిగిన. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, తోక దువ్వినప్పుడు ఊడినవి వారం దినాలు జమచేసి చిన్న కవర్ల పెట్టి ఇచ్చిండు. పైసలు తీసుకోలే, "వాయించినంక వినిపియ్యి" అన్నడు. బంక మొబైల్ రిపేర్ షాపుల దొరికింది, టంకం వేయడానికి వాడే రోజిన్ అదే.

అన్నీ కట్టి, శ్రుతి చేసి, కమాను చేతిలకు తీసుకుంటే కమాను బయటనే ఉంది! తీగల మధ్యలకు పోనిచ్చి కదా కమానుకు వెంట్రుకలు కట్టాలె. అంతా విప్పి మళ్ల కట్టిన. ఆ రోజు రూములో అందరూ నవ్విన నవ్వు పై అంతస్తు దాకా వినపడ్డది. మొదటి స్వరం తీసినప్పుడు పక్క రూమోడు తలుపు తీసి "పిల్లి తోక తొక్కినవారా" అని అడిగిండు. రెండు నెలలైంది, ఇప్పుడు రెండు చిన్న పాటలు వస్తయి. పిల్లి ఇంకా అప్పుడప్పుడు అరుస్తనే ఉంది.

మళ్ల చరిత్రకు వస్త. అడుక్కునేవాళ్ల వాయిద్యాన్ని యూనివర్సిటీకి తెచ్చిన మనిషి ల్యూ త్యెన్‌హువా. 1895లో జియాంగ్సు రాష్ట్రం జియాంగ్‌యిన్‌లో పుట్టాడు. 1915లో ఉద్యోగం పోయింది, అదే ఏడు తండ్రి చనిపోయాడు, తను జబ్బుపడ్డాడు. ఆ రోజుల్లో మొదలుపెట్టి 1918లో ఒక రూపానికి తెచ్చిన పాటకు "జబ్బులో పాట" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చదువుకున్న ఇంటి పిల్లవాడు హూచిన్ పట్టుకోవడం అప్పటి లెక్కలో పరువు తక్కువ పని. 1922లో పెకింగ్ యూనివర్సిటీకి పోయాడు. అక్కడ అధిపతి త్సాయ్ యువాన్‌పేయ్, కొత్త ఆలోచనల మనిషి. ల్యూ ఒకవైపు వయొలిన్ నేర్చుకుంటూ, అందులోని వేళ్ల పద్ధతులను, కమాను పద్ధతులను ఎర్హూకు తెచ్చాడు. శ్రుతిని స్థిరపరిచాడు. 10 ఎర్హూ పాటలు, 47 సాధన పాఠాలు రాశాడు. ఈరోజు చైనాలో ఎర్హూ నేర్చుకునే ప్రతి పిల్లవాడూ ఆ దారిలో నుంచే పోతాడు. 1932లో పెకింగ్‌లోని త్యెన్‌చ్యావ్ అనే బజారుకు పోయి, అక్కడి వీధి కళాకారుల దగ్గర డోలు తాళాల వరసలు రాసుకుంటుండగా స్కార్లెట్ జ్వరం తగిలి చనిపోయాడు. 37 ఏళ్లు.

ఆయన మీద నాకు గౌరవం ఉంది. ప్రొఫెసర్ అయ్యుండి కూడా వీధిలో కూర్చుని రాసుకున్నాడు. కానీ ఒకటి అనిపిస్తది. 900 ఏళ్లు ఆ వాయిద్యాన్ని మోసినవాళ్లలో మనకు పేరుతో తెలిసినవాళ్లు ఎంతమంది? షూ యెన్ పేరు ఒక అధికారి పుస్తకంలో ఎక్కింది కాబట్టి తెలిసింది. తక్కినవాళ్లు ఎవరో తెలియదు. పేరు దక్కిన ఒక్క వీధి మనిషి గురించి ఇప్పుడు చెప్త. ఇదే నేను అసలు చెప్పాలనుకున్నది.

ఆయన్ను జనం ఆబింగ్ అనేవారు, అసలు పేరు హువా యెన్‌జున్. 1893లో పుట్టాడు, ఊరు వూషీ. తండ్రి తావో గుడిలో పూజారి, మంచి సంగీతకారుడు. ఆ గుడి పూజల్లో వాయిద్యాలు తప్పనిసరి కాబట్టి ఆబింగ్ చిన్నప్పటి నుంచే డోలు, పిల్లనగ్రోవి, పీపా, ఎర్హూ అన్నీ నేర్చుకున్నాడు. తండ్రి తర్వాత గుడి చేతికొచ్చింది గానీ నిలుపుకోలేదు. నల్లమందు, చెడు అలవాట్లు, జబ్బు. 30లలో ఉండగా రెండు కళ్లూ పోయాయి. ఆ తర్వాత వూషీ వీధులే ఆయన ఇల్లు. మధ్యాహ్నం పూట గుడి ముంగట జనాన్ని పోగుచేసి ఊరి వార్తలు, దేశం వార్తలు పాటగట్టి చెప్పేవాడు. 1932లో షాంఘైలో జపాన్ సైన్యాన్ని 19వ రూట్ ఆర్మీ ఎదుర్కొన్న కథ కూడా పాడాడు. రాత్రి ఇంటికి పోతూ ఎర్హూ వాయించుకుంటూ నడిచేవాడు. ఆ నడకలో పుట్టిన ట్యూన్‌కు పేరు లేదు, కాగితం లేదు.

అది కాగితం దాకా ఎట్ల వచ్చిందంటే ఒక విద్యార్థి వల్ల. వూషీ పిల్లవాడు ఒకడు నాన్‌జింగ్‌లో సంగీతం చదువుకోవడానికి పోయాడు. ఒకరోజు చలికి బిగిసిన వేళ్లు సాగడానికి ఊరికే ఆ ట్యూన్ వాయించాడు. వాళ్ల మాస్టారు విని, ఇది ఎవరిది అని అడిగాడు. మా ఊరిలో ఒక గుడ్డి వీధి కళాకారుడిది అని చెప్పాడు. ఆ మాట చేతులు మారి యాంగ్ యిన్‌ల్యూ అనే సంగీత చరిత్రకారుడి దగ్గరికి చేరింది. ఆయనదీ వూషీనే, చిన్నప్పుడు ఆబింగ్ దగ్గర పీపా నేర్చుకున్నాడు. నాకు ఈ భాగం మాత్రం పదిసార్లు చదవాలనిపించింది. పేరున్న పండితుడికి తెలిసిన మనిషే, సొంత ఊరి మనిషే. కానీ ఆ పాట గుర్తుచేసింది చదువుకోవడానికి వేరే ఊరు పోయిన ఒక పిల్లవాడు, అది కూడా అనుకోకుండా.

1950 సెప్టెంబరులో యాంగ్ యిన్‌ల్యూ, త్సావ్ అన్‌హ అనే ఇంకొక సంగీతకారిణి కలిసి తీగ మీద రికార్డు చేసే యంత్రం ఒకటి తీసుకుని వూషీకి పోయారు. క్యాసెట్ టేపు కాదు, సన్నని ఉక్కు తీగ మీద శబ్దం ఎక్కేది. అప్పటికి ఆబింగ్ వాయించక రెండేళ్లకు పైనే అయ్యింది, చేతిలో పనికొచ్చే వాయిద్యం కూడా లేదు. వేరేచోట నుంచి అడిగి తెచ్చారు. కొద్ది రోజులు చేయి సాగదీసుకుని వాయించాడు. మూడు ఎర్హూ పాటలు, మూడు పీపా పాటలు. ఈ పాట పేరేంటి అని అడిగితే పేరు లేదన్నాడు. అక్కడ హుయ్‌షాన్ కొండ కింద ఒక ఊట ఉంది, టీకి దాని నీళ్లు దేశంలోనే రెండో మంచివని పాత పేరు. దాని మీద, చంద్రుడి మీద కలిపి అప్పటికప్పుడు పేరు కుదిరింది. "ఎర్‌చ్వెన్ యింగ్‌యువె", రెండో ఊటలో చంద్రుడు. ఇంకా సాధన చేసుకుంటా, తర్వాత మిగతావి వాయిస్తా అన్నాడు ఆబింగ్. డిసెంబరులో చనిపోయాడు.

జీవితమంతా వాయించిన మనిషివి మనకు మిగిలింది ఆరు పాటలు. మూడు నెలలు ఆలస్యమై ఉంటే ఆ ఆరూ లేవు. 1978లో జపాన్ సంగీత నిర్వాహకుడు సెయ్‌జీ ఒజావా పెకింగ్‌లో ఒక విద్యార్థిని ఈ పాట వాయిస్తుంటే విని కన్నీళ్లు పెట్టుకున్నాడనీ, ఇలాంటి సంగీతం మోకాళ్ల మీద కూర్చుని వినాలన్నాడనీ చెప్తారు. మోకాళ్ల సంగతి ఏమోగానీ, నాకు ఆ ఉక్కు తీగ మీది పాత రికార్డే ఇష్టం. గరగరమంటది, మధ్యలో గీర ఉంటది. చలికాలం సందులో నుంచి ఎవరో నడిచిపోతున్నట్టు ఉంటది.

ఇక నా ముచ్చట. మన సీనియర్ అక్క ఒకామె నా కొబ్బరి చిప్ప చూసి, "మన కిక్రి పోతుంటే చైనాది చేస్తున్నవా" అని మొహం మీదనే అన్నది. ఏం చెప్పాలె? నిజమే అక్కా. కిక్రి మూడు తీగలది, మేక తోలుది, పర్ధాన్‌లు, తోటీలు వాయించేది. గోండు ఇండ్ల చరిత్ర మొత్తం ఆ మూడు తీగల మీదనే ఉంది. మా వంశం ఎక్కడి నుంచి వచ్చింది, మా పెర్సా పేన్ ఎవరు, ఇదంతా మా ఇంట్ల ఎవరికీ రాసి లేదు. పర్ధాన్ తాత వచ్చి కిక్రి పట్టుకుని పాడితేనే మాకు తెలిసేది. హైమెన్‌డార్ఫ్ దొర 1940లలో మన ఆదిలాబాద్‌ల తిరిగి పెద్ద పుస్తకం రాసిండంటే, పర్ధాన్‌లు పాడిన కథలే దానికి చాలావరకు ఆధారం.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు సెలవులకు నా తోటి బడి దోస్తును ఒకణ్ని ఊరికి తీసుకపోయిన, టౌను పిల్లగాడు. ఆ రాత్రే పర్ధాన్ తాత వచ్చిండు. వాడు "ఏందిరా ఈ ఏడుపు" అని నవ్విండు. నేనూ నవ్విన. నవ్వి, "తాతా, రేపు పాడరాదు" అన్న. తాత ఏమనలే. కిక్రిని గుడ్డల చుట్టుకున్నడు. ఆ మాట మా అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు తీస్తది.

ఇంటర్‌కు వచ్చినంక నా చేతిల ఫోన్ ఉంది. రెండు పండుగలకు తాత వచ్చిండు. రీల్స్ తీసిన, దండారి డ్యాన్స్ తీసిన, దోస్తులను తీసిన. తాత పాట ఒక్కటి కూడా పూర్తిగ తియ్యలే. ఉన్నది 40 సెకన్ల వీడియో, దాంట్ల కూడా సగం మా తమ్ముడి మొఖమే ఉంది. పోయిన చలికాలం తాత పోయిండు. నేను ఎర్హూ వీడియో చూసిన రాత్రి అది జరిగి రెండు నెలలు కూడా కాలే. కాబట్టి అక్కా, నేను చైనా వాయిద్యం ఇష్టపడి చేసినది కొంత, ఆ మోత మళ్ల ఎక్కడన్న దొరుకుతదేమో అని చేసినది కొంత. కిక్రి చేసే పద్ధతి అడగడానికి నాకు మొహం చెల్లలే.

పోయిన ఆదివారం ధైర్యం చేసి తాత కొడుకుకు ఫోన్ చేసిన. కాకా అంట నేను. కూలికి పోతడు, ఎక్కువ మాట్లాడడు. కిక్రి ఉన్నదా కాకా అని అడిగిన. గోడకు వేలాడుతుంది అన్నడు. నీకు వస్తదా అంటే, బాపు లెక్క రాదు, పాటలు కొన్ని వస్తయి, చిన్నప్పుడు వెంట తిరిగిన కద అన్నడు. దసరా సెలవులకు వస్త, రికార్డు చేసుకుంట, నాకు కూడా నేర్పు అని అడిగిన. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత, "రెండు తీగలు తెగినయ్ రా, ఒక్కటే ఉంది, దాంతోని ఏం వాయిస్త" అన్నడు.

నేను ఫోన్లనే ఆయనకు షూ యెన్ కథ చెప్పిన. ఎక్కడో చైనాల, రాజు ముంగట, తీగ తెగినా లేవకుండ ఒక్క దాని మీదనే చివరిదాకా వాయించిండు కాకా అని. ఆయన ఇంత సేపు విని, "ఆ రాజు పైసలిచ్చిండా మరి" అని అడిగిండు. ఇద్దరం బాగ నవ్వుకున్నం. మేక తోలు కూడా వదులైంది, దాన్ని తడిపి బిగించాలె, నువ్వు వచ్చేటప్పుడు తీగలు దొరికితే తే అన్నడు.

గిటార్ తీగలు ఇంకొక సెట్టు కొన్న. పవర్ బ్యాంక్ మా రూమ్మేట్ ఇస్తనన్నడు. కిక్రికి పాతకాలంల ఏ తీగలు వేసేటోళ్లో, కమానుకు ఏ బంక రాసేటోళ్లో మీ ఊర్లల్ల పెద్దోళ్లకు తెలిస్తే అడిగి ఇక్కడ రాయండి. 12వ తారీకు పొద్దున బస్సుకు పోతున్న, అంతకుముందే చెప్పండి.